ఎడమవైపు స్టీరింగు

మార్చి 3

ఈ కొలతల పుస్తకంలో వెనక ఇరవై పేజీలు ఖాళీగా ఉన్నాయి. ముందు పేజీల నిండా ఊళ్లోవాళ్ల నడుము చుట్టుకొలతలే కాబట్టి ఇంట్లో దీన్ని ఎవరూ తెరవరు. నా గోడు రాసుకోవడానికి ఇంతకంటే భద్రమైన చోటు లేదు.

ఇవాళ కారు కొన్నాను.

రాసి చూసుకుంటే ఇంకా భయంగా ఉంది. కర్టెన్ల కొలతలు తీసుకుందామని ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాను. వెనక షెడ్డులో టార్పాలిన్ కింద ఏదో ఉంటే ఎత్తి చూశాను. టాపు మడిచేసుకునే కారు, ఒకప్పుడు మహారాజులా తిరిగినది. ఇప్పుడు చల్లారిన టీ రంగులో ఉంది. సీట్లు చిరిగాయి, పై గుడ్డ పీలికలైంది, వెనక సీటులో పిల్లి పిల్లల్ని పెట్టింది. "మా నాన్నగారిదమ్మా. ఎవరైనా తీసుకుపోతే చాలు" అంది ఆవిడ. రెండు మంచి కుట్టు మిషన్ల ధరకు ఇచ్చేసింది, పిల్లి మినహా.

బాగుచేయించి లాభానికి అమ్ముతాను. ఇది వ్యాపారం, ఇందులో ఇంకో ఉద్దేశమేమీ లేదు.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. ముప్ఫై ఒక్కేళ్లు ఒకే యజమాని దగ్గర కారు నడిపిన మనిషి కదా, కారు అనే మాటకైనా తల తిప్పుతారనుకున్నాను. "ఊ" అన్నారు.

ఇవాళ ఆయన మాట్లాడినవి: ఊ, ఊ, చాలు, ఊ. మొత్తం నాలుగు.

మార్చి 5

కారును లాక్కొచ్చి మా వెనక రేకుల షెడ్డులో పెట్టారు. వీధి చివర మెకానిక్‌ను పిలిచాను. సొంత తమ్ముడు కాకపోయినా నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. చుట్టూ రెండుసార్లు తిరిగి నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"అక్కా, స్టీరింగు చూశావా?"

"గుండ్రంగానే ఉందిగా."

"గుండ్రంగానే ఉంది. ఎడమవైపుంది. మన రోడ్ల మీద అందరికీ కుడివైపుంటుంది. ఇది వేరే దేశం కోసం చేసిన బండి."

"అయితే?"

"అయితే ముందున్న లారీని దాటాలంటే డ్రైవరుకు ఎదురు రోడ్డు కనపడదు. పక్కన ఒకరు కూర్చుని, ఖాళీగా ఉంది రండి అని చెప్పాలి. దీన్ని ఒక్కరు నడపలేరక్కా. అందుకే ఎవరూ కొనలేదు, నువ్వు తప్ప."

పైన మేడ మీద ఉండే మా వదిన, అంటే ఆయన అక్కగారు, పిట్టగోడ మీంచి తొంగిచూసి, "నక్కను తొక్కి వచ్చావమ్మా" అంది. ఆవిడ మెచ్చుకున్నా వెక్కిరించినా ఒకే గొంతు.

మార్చి 6

మాటలు రెండు. రెండూ వదినతోనే.

మార్చి 8

ఇది నాకు అసలు మింగుడుపడదు. కిటికీ దగ్గర నా మిషను, దానికి కుడిపక్కన ఆయన కుర్చీ. ఇద్దరం వీధివైపే చూస్తూ కూర్చుంటాం. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నేను ఎన్ని చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే, బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటారు. వదిన మాత్రం ఆవైపు గుమ్మంలోంచి వచ్చి "ఏరా" అంటే చాలు, రెండు ముక్కలు మాట్లాడతారు. రక్తసంబంధం గొప్పది కాబోలు. ముప్ఫై నాలుగేళ్ల కాపురం ఏ మూలకూ చాలదన్నమాట.

మూడు నెలలైంది. ఏం జరిగిందని? వెనక్కి తీస్తూ యజమాని గేటు స్తంభాన్ని గుద్దారు. వాచ్‌మన్ ఆపమని మూడుసార్లు అరిచాడట, ఈయన ఆపలేదట. ధ్యాస ఎక్కడుందో. స్తంభం ఒరిగింది, డిక్కీ నొక్కుకుపోయింది, ఎవరికీ ఏమీ కాలేదు. యజమాని పల్లెత్తు మాట అనలేదు. ఈయనే తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేశారు. ఆ రోజు నుంచి ఈ కుర్చీ, రేడియో. రేడియో కూడా ఎంత గట్టిగా పెడతారంటే మేడ మీద వదిన చెప్పుతో నేల మీద కొడుతుంది.

మార్చి 9

పొద్దున కారు కడిగాను. బకెట్లో బట్టల సబ్బుపొడి గుప్పెడు వేసి, గిన్నెలు తోమే పీచుతో మొదలుపెట్టాను. ఒక తలుపు సగం అయ్యేసరికి వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి బకెట్ లాక్కుంది.

"బట్టల సబ్బా? పీచా? ఎవరైనా కారును ఇలా తోముతారా? రంగు లేచిపోదూ! పక్కకు తప్పుకో."

పదకొండు మాటలు! ఒకే బిగిన!

కారును పీచుతో తోమకూడదని నాకు నిజంగా తెలియదు. ముప్ఫై నాలుగేళ్లు డ్రైవరు భార్యనే అనుకో, అయినా తెలియదు.

మార్చి 14

సీట్లు విప్పాం. వెనక సీటు లోపలి దూదినంతా పీకి ఎలుకలు గూళ్లు కట్టుకున్నాయి. పిల్లి అక్కడే ఎందుకు కాపురం పెట్టిందో అర్థమైంది, వంటగది పక్కనే పడకగది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు, నేను కారు కొని పదమూడింటిని పట్టాను. వదిన మేడ దిగలేదు.

సీట్లకు ఎర్ర తోలు దొరికింది. నా మిషను మీద సూదులు నాలుగు విరిగాయి. ఆయన పక్కన కూర్చుని విరిగిన సూది తీసి కొత్తది అందిస్తున్నారు. మాట లేదు, చేతులు మాత్రం ఉన్నాయి. నాకు అదే పదివేలు.

మార్చి 22

ఇంజను పలికింది. మెకానిక్ తమ్ముడు రెండు వారాలు తల బద్దలు కొట్టుకున్నాడు. పలుకుతుంది, రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. ఆయన వచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నారు. జ్వరం చూసినట్టు కాసేపు ఉంచి, "మూడో సిలిండరు సరిగ్గా కొట్టడం లేదు. ప్లగ్గు చూడు" అన్నారు.

మూడో ప్లగ్గే.

"అక్కా, బావగారు చేత్తో వింటారే!" అన్నాడు తమ్ముడు నోరు తెరిచి. గర్వంతో నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పూర్వం మాత్రం ఆయన చెయ్యి పెట్టేవారు కాదు. వీధి మలుపు దగ్గర కారు చప్పుడు విని ఏ కారో, దాని జబ్బేమిటో ఇంట్లోంచే చెప్పేవారు.

ఇవాళ మాటలు పదిహేడు.

ఏప్రిల్ 2

టాపు పని నాది. ఇందులో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. మందమైన క్యాన్వాసు గుడ్డ తెచ్చాను. పాత పీలికలు విప్పి నేల మీద పరిచి, కొలతలు ఈ పుస్తకం ముందు పేజీల్లోనే రాసుకున్నాను. పైన పోలీసాయన భార్య నడుము, కింద బ్యాంకు మేనేజరు ఛాతీ, మధ్యలో కారు.

తమ్ముడు "ఎవరైనా కొనేవాళ్లున్నారా అక్కా?" అని అడిగాడు. ఉంటారు. ఎందుకుండరు? అమ్మడానికే కదా చేయిస్తున్నాను.

ఏప్రిల్ 10

తొమ్మిది రోజులు కుట్టిన టాపు ఇవాళ బిగించాం. మూస్తే అద్దంలా ఉంది. తెరిచి మడవబోతే సగం దాకా వచ్చి ఆగిపోయింది. తమ్ముడు నొక్కాడు, నేను నొక్కాను, ఇద్దరం ఎక్కి కూర్చున్నాం. కుంటి గొడుగులా అలాగే నిలబడింది.

ఆయన వచ్చి మడత దగ్గర కుట్టు తడిమి చూశారు. తిరగేసి లోపలి భాగం చూశారు. నావైపు తిరిగారు.

"లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలావెందుకు?"

"ఎప్పుడూ వదులుతాగా. రేపు మనిషి లావెక్కితే కుట్టు విప్పి వదులు చేయడానికి."

ఒక క్షణం అలాగే చూశారు. తర్వాత నవ్వు మొదలైంది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, తర్వాత బంపరు పట్టుకుని కింద కూర్చుండిపోయారు. "కారు లావెక్కుతుందట! కారు లావెక్కుతుందట!" అని తమ్ముడికి చెప్తున్నారు, వాడు పక్కనే ఉండి అంతా విన్నా సరే. మేడ మీంచి వదిన "ఏమైందిరా?" అని అరిచింది.

ముప్ఫై ఏళ్ల అలవాటు, చెయ్యి దాని దారిన అదే వదిలేసింది. ఎక్కడ వదలాలో ఎక్కడ కోసెయ్యాలో తెలియని టైలరునని రేపు వీధంతా చెప్పుకుంటుంది. చెప్పుకోనీ.

ఏప్రిల్ 11

నిన్న మాటలు రాయడం మర్చిపోయాను. నవ్వు ఒకటి.

ఏప్రిల్ 19

కొనేవాడు వచ్చాడు. ఫోటోగ్రాఫరు, కొత్త జంటలను కార్లలో కూర్చోబెట్టి ఫోటోలు తీస్తాడట. ఎర్ర సీట్లు, డాష్‌బోర్డు చెక్క చూసి మనసు పారేసుకున్నాడు. నేను అడగబోయినదానికంటే ఎక్కువే చెప్పాడు. ఒకటే షరతు, స్టీరింగు కుడివైపుకు మార్చాలి. "ఒక్కడినే నడుపుకోవాలి కదండీ."

మార్చాలంటే ఆ డాష్‌బోర్డు చెక్కను నిలువునా కోయాలి. తమ్ముడు మొహం మాడ్చుకున్నాడు. అయినా చేస్తానన్నాడు, ఇరవై ఎనిమిదిన, సోమవారం.

నేను సరేనన్నాను. మరేమనాలి? అందరితో అమ్మకానికే అని చెప్పుకున్నాక? ఆయన్నడిగాను, మిషను దగ్గర కూర్చునే. "ఊ" అన్నారు.

వారం రోజులుగా ఆ చెక్కను మెత్తటి గుడ్డతో రుద్దుతున్న మనిషి, దాన్ని కోస్తామంటే "ఊ" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

ఏప్రిల్ 20

వ్యాపారం వ్యాపారమే.

ఏప్రిల్ 24

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి.

టాపు కుట్ల లోపలి గుడ్డ కొంత కత్తిరించి మళ్లీ బిగిస్తున్నాం. తమ్ముడు ముందువైపు ఇంజను ఆడిస్తున్నాడు. నేను వెనక సీటు మీద మోకాళ్లేసి మూల దగ్గర చేతికుట్టు వేస్తున్నాను. ఆయన బయట, కారుకు కుడిపక్కన నిలబడి ముందుకు చూస్తూ ఇనప చట్రం లాగుతున్నారు. చట్రం కీలులో నా వేలు ఇరుక్కుంది. "ఆపండి" అన్నాను. లాగుతున్నారు. "ఆపండి!" లాగుతున్నారు. మూడోసారి నేను వేసిన కేకకు మేడ మీద కిటికీ తెరుచుకుంది. ఆయన మాత్రం చల్లగా లాగుతూనే ఉన్నారు. తమ్ముడు అటునుంచి పరుగెత్తుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

వేలు విరగలేదు, గోరు నల్లబడింది. నొప్పి కంటే ఆయన మొహమే నన్ను ఎక్కువ భయపెట్టింది. గోడకు వేసిన సున్నంలా అయిపోయింది.

"వినపడలేదా బావగారూ?" అన్నాడు తమ్ముడు.

"ధ్యాసలో లేను" అని లోపలికి వెళ్లిపోయారు.

నేను అడుగు దూరంలో ఉన్నాను. మూడుసార్లు అరిచాను. వాచ్‌మన్ కూడా మూడుసార్లే అరిచాడు.

ఏప్రిల్ 25

పొద్దున టీ ఇచ్చి ఆయనకు ఎడమపక్కన నిలబడ్డాను. మామూలు గొంతుతో, "మీ అక్కగారు సర్కస్‌లో చేరారట, ఏనుగు మీద నిలబడతారట" అన్నాను.

"ఊ."

"నేనూ వెళ్తున్నాను, తీగ మీద నడవడానికి."

"ఊ."

అటు తిరిగి కుడిపక్కకు వచ్చాను. అదే గొంతుతో అదే మాట, "మీ అక్కగారు సర్కస్‌లో చేరారట" అన్నాను.

కప్పు సాసర్లోకి ఒలికింది. "ఏంటీ?"

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. నాలుగు నెలలకు పైగా నేను ఆయన ఎడమ చెవికి నా కష్టసుఖాలన్నీ చెప్పుకున్నాను. అది వినని చెవి. వదిన గుమ్మం కుడివైపు. రక్తసంబంధమూ లేదు, పాడూ లేదు. పై పేజీలో శంఖం సామెత రాశాను కదా, దాన్ని ఇప్పుడే కొట్టేశాను.

ఏప్రిల్ 26

చెప్పారు. కారులో కూర్చుని, కదలని స్టీరింగు పట్టుకుని చెప్పారు.

ఏడాదిన్నరగా ఎడమ చెవి తగ్గుతూ వచ్చిందట. తనకు తెలుసట. అద్దాలున్నాయి, కళ్లున్నాయి, సర్దుకోవచ్చనుకున్నారట. గేటు దగ్గర వాచ్‌మన్ ఎడమవైపున నిలబడి అరిచాడట.

"అది స్తంభం కాబట్టి సరిపోయింది. పసిపిల్లలెవరైనా ఉండుంటే?" అన్నారు. ఇన్నాళ్లూ ఆ కుర్చీలో కూర్చుని చూస్తున్నది వీధిని కాదు, లేని ఆ పిల్లనే.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెవిటి డ్రైవరు పెళ్లామని నిన్ను ఎవరైనా అంటే..." అని ఆగి, చిన్నగా నవ్వారు. "నిజం చెప్పనా? మొదట్లో హాయిగానే ఉండింది. నీ మాటల్లో సగమే వినపడేవి. నెల తిరిగేసరికి పిచ్చెక్కింది. నువ్వేదో చెప్పి నీలో నువ్వే నవ్వుకునేదానివి. ఏం చెప్పావో తెలీదు. మళ్లీ అడిగితే దొరికిపోతాను. ఊ అనేవాణ్ని."

"స్టీరింగు కోయిస్తానంటే కూడా ఊ అన్నారు."

"ఏ స్టీరింగు?"

చూశావా.

ఈ మనిషి కోసమే కారు కొన్నాను. రాసేశాను, ఇంక దాచేదేముంది. లాభమూ లేదు, వ్యాపారమూ లేదు. ఆయన్ని ఆ కుర్చీలోంచి లేపాలని, ఆయన గొంతు వినాలని కొన్నాను. నా ప్రాణానికి ఆ గొంతు కావాలి.

తర్వాత ఆయన పక్క సీటులోకి చూశారు. నేను ఉన్నది ఆయనకు కుడివైపు. అక్కణ్నుంచి నేను గుసగుసగా మాట్లాడినా ప్రతి ముక్కా వినపడుతోంది. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. స్టీరింగు మారిస్తే నా సీటు ఆయన ఎడమకు పోతుంది.

ఏప్రిల్ 28, సోమవారం

తెల్లారగానే తమ్ముడి షాపుకు పరుగెత్తాను. రంపం సర్దుకుంటున్నాడు.

"కోయొద్దు!"

"హమ్మయ్య" అని రంపం కింద పడేసి స్టూలు మీద కూలబడ్డాడు. వాడికి రాత్రంతా నిద్ర లేదట.

ఫోటోగ్రాఫరుకు ఫోన్ చేసి అమ్మడం లేదని చెప్పాను. కాస్త కసురుకున్నాడు. ఫోటోలకైతే తీసుకెళ్లండి, కానీ మా డ్రైవరుతో పాటు, డ్రైవరు పక్కన నాతో పాటు అన్నాను. ఆలోచిస్తానన్నాడు.

మే 9

చెవి డాక్టరు దగ్గరకు వెళ్లొచ్చాం. కుడి చెవి దిట్టంగా ఉందట. ఎడమదానికి చిన్న మిషను పెట్టారు. నడపవచ్చునని కాగితం కూడా ఇచ్చారు. ఆ కాగితాన్ని ఆయన మూడుసార్లు చదివి, నాలుగు మడతలేసి జేబులో పెట్టుకున్నారు.

ఇంటికొచ్చి రేడియో పెట్టి, ఉలిక్కిపడి, "ఇంత గట్టిగా ఎవరు పెట్టారు?" అన్నారు. మేడ మీద చెప్పు చప్పుడు వినపడలేదు. వదిన మెట్ల మీద కూర్చుని కళ్లొత్తుకుంటోంది. ఆయనకు వినపడదని తెలియక ఎన్ని తిట్లు తిట్టానో అంటుంది. "అవన్నీ బాగానే వినపడ్డాయిలే అక్కా" అన్నారు ఆయన.

మే 13

వాన పడింది. టాపు గుడ్డ తడిసి ముడుచుకుంది, ముందు కొక్కెం అందలేదు. వేలెడు తేడా.

లోపల ఇంకా కొంచెం గుడ్డ మిగిలి ఉంది. కుట్టు విప్పాను, వదులు చేశాను, కొక్కెం పడింది. ఎవరైనా నవ్వుతారేమో అని చుట్టూ చూశాను. ఎవరూ నవ్వలేదు.

మే 17

పొద్దున ఆరింటికి బయలుదేరాం. టాపు తెరిచాం. వదిన మేడ మీంచి "జాగ్రత్తరా" అంది, ఎడమవైపు నుంచే. ఆయన తలెత్తి చెయ్యి ఊపారు.

మొదటి వీధి దాకా ఆయన రెండో గేరు దాటలేదు. నేను చూడనట్టు ఉన్నాను. రెండో వీధిలో ముందు పాలవ్యాను అడ్డంగా నెమ్మదిగా పోతోంది. నాకు గాలి, ఎండ, ఎర్ర సీటు, మమ్మల్ని చూసి ఆగిపోతున్న జనం. నా పని మర్చిపోయి రాణిలా కూర్చున్నాను.

"నాలుగు నెలలు ఒక్క క్షణం ఆగని నోరు, ఇప్పుడు అవసరమైతే ఊరుకుందేం? ఎదురుగా ఏమైనా వస్తోందా?"

తొంగి చూశాను. "లారీ. ఆగండి. ఇంకొంచెం. ఆఁ, ఇప్పుడు రండి."

వచ్చారు. వ్యానును దాటేశాం. దాటగానే ఆయన గేరు మార్చారు.

ఎటు పోతున్నామో నేను అడగలేదు, కానీ మలుపులు తెలిసినవే. పాత యజమాని ఇంటి వీధి. గేటు స్తంభం మళ్లీ కట్టారు, పక్కదానికంటే సిమెంటు కొత్తగా, తెల్లగా ఉంది. ఆయన వేగం తగ్గించారు గానీ ఆ వైపు చూడలేదు. సరిగ్గా దాని ముందుకొచ్చాక నేను ఒక్కసారి, చాలా మెల్లగా, నాకే వినపడీ వినపడనట్టు, "ఆపండి" అన్నాను.

కారు అక్కడికక్కడే ఆగిపోయింది.

"ఏమైంది? ఏం వచ్చింది? ఎవరైనా అడ్డమొచ్చారా?" అద్దాల్లో చూశారు, వెనక్కి చూశారు, సీటులోంచి సగం లేచారు.

"ఏమీ లేదు. వినపడుతోందో లేదో చూశాను."

రెండు క్షణాలు నన్నే చూశారు. తర్వాత స్తంభం వైపు చూశారు. ఆపైన మొదలుపెట్టారు. బుద్ధుందా నీకు, నడిరోడ్డు మీద ఇవేం వేషాలు, గుండె ఆగిపోయింది, ఇంకెప్పుడైనా ఇలా చేస్తే దింపేసి పోతాను, ఈ వయసులో నాతో పరాచికాలా అంటూ కారు తిప్పుకుని బజారు దాటేదాకా తిడుతూనే ఉన్నారు. నేను ఒక్క మాటా లెక్కపెట్టలేదు.

పెద్ద రోడ్డెక్కే ముందు తిట్లు ఆపి, "ఎదురుగా ఏమైనా వస్తోందా?" అని అడిగారు.

చూసి చెప్పాను. ఏమీ రావడం లేదు, రండి.